చక్రవర్తి తల్లి వేషం

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఒత్తులు తప్పినా దీర్ఘాలు జారినా మన్నించండి. చెయ్యి కూడా నెమ్మది, ఒక్క పేజీకి ఒక పూట పడుతుంది. ఎవరి ముక్కు ఎలా ఉందో, కిటికీలోంచి ఏం కనపడిందో రాసే ఓపిక లేదు. వాళ్ళు అనుకున్న మాటలు అనుకున్నట్టే పెడుతున్నాను.

లూసీ నర్సు. విమలకుమారి ఆమెకి తోటికోడలు, వయసులో పెద్దది, భర్త పోయినావిడ. నళిని లూసీ కూతురు, పదేళ్ళ పిల్ల. వాళ్ళది గుంటూరు. ఇది 1983 నవంబరు, శనివారం పొద్దున, అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో లూసీ ఇంటి వంటగది. తెల్లారితే చర్చిలో, వాళ్ళ సంఘానికి మూలపురుషుడు లూథరు గారు పుట్టి ఐదువందల ఏళ్ళయిన పండగ.

"ఆ కత్తెర ముందు కింద పెట్టు అక్కా."

"పెడతాలే. ఈ చీర చూడు. నా పెళ్ళిచీర. ఇరవై ఏళ్ళయింది, ఒక్క మరకైనా ఉందా? తెలుపు తెలుపులాగే ఉంది. జరీ కూడా నల్లబడలా."

"పెళ్ళిచీర అమెరికాకి ఎందుకు తెచ్చావు?"

"నేను పోయినప్పుడు పెట్టెలో నా మీద కప్పుతారని. ఎక్కడ పోతామో మనకేం తెలుసు?"

"పొద్దున్నే ఆ మాటలేంటి? మడత పెట్టి లోపల పెట్టెయ్."

"నళినికి రాణి అంగీ కుట్టాలన్నావుగా. తెల్లది కావాలని అదే చెప్పింది. ఇంత నాణ్యమైన పట్టు మీ మాల్‌లో దొరుకుతుందా?"

"నాకూ ఉంది పెళ్ళిచీర. నేనూ తెల్లచీరలోనే పెళ్ళి చేసుకున్నా. నా చీరతోనే కుడదాం."

"నీది పల్చన. జారిపోతుంది."

"జారితే పిన్ను పెడతా."

"లూసీ, నీది మొన్నమొన్నటి చీర. నాదైతే ఎటూ పాతదేగా. పాతది కోస్తే నష్టమేంది?"

"నష్టం సంగతి కాదు."

"మరేంది సంగతి?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే మొహం అట్లా పెట్టావెందుకు? పోనీ సొలొమోను రాజు ఇద్దరు తల్లులకీ బిడ్డని కోసి పంచమన్నట్టు నీది సగం, నాది సగం కోసి అతుకుదామా?"

"నవ్వకక్కా. రేపు చర్చిలో ఏం జరుగుతుందో నీకు తెలుసా?"

"పిల్లలు వేషాలు వేస్తారు. నళిని చెప్పిందిగా."

"ఒక్కో పిల్లకీ ఒక్కో రాజో రాణో. లూథరు గారి కాలంలో యూరప్‌ని ఏలినవాళ్ళు. గుమ్మం దగ్గర్నుంచి వేదిక దాకా నడుస్తారు. అంగీ వెనకాల పొడుగ్గా నేల మీద పడుతుంది. ఆ చెరగు పట్టుకుని వెనకాల వాళ్ళ అమ్మ నడవాలి. అమ్మే నడవాలని చెప్పింది వాళ్ళ చర్చి టీచరు మిసెస్ కార్ల్‌సన్."

"నడువు. నేనేమన్నా వద్దన్నానా?"

"నేను పట్టుకుని నడిచేది నీ పెళ్ళిచీర అయితే ఎట్లా ఉంటుంది?"

"చీర చీరలాగే ఉంటుంది."

"మన గుంటూరు వాళ్ళందరూ వస్తారక్కా. ఎప్పుడూ బేస్‌మెంట్‌లో మన తెలుగు ఆరాధనకి కూర్చునేవాళ్ళం, రేపు పైన అమెరికా వాళ్ళ పక్కన కూర్చుంటాం. లూసీకి కూతురున్నా ఇన్నాళ్ళూ లేనట్టే ఉంది, ఇప్పుడు చీర కూడా తోటికోడలిదేనా అంటారు."

"ఎవరూ అనరు. నీకు నువ్వే అనుకుంటున్నావు."

"నళినితో వేషం వేసే ఆ జయంతి వాళ్ళ అమ్మ నన్ను ఏమడిగిందో తెలుసా? 'మీ అమ్మాయికి జడ ఎవరు వేస్తారండీ, అంత బిగువుగా?' అని."

"వాళ్ళ పెద్దమ్మ వేస్తుందని చెప్పావా?"

"నేనే వేస్తానని చెప్పా. అట్లా చూడకు. అబద్ధమే. ఆదివారంపూట చర్చిలో నిలబడి అబద్ధం ఆడా."

"ఆడితే ఆడావులే. నువ్వు ఆరింటికల్లా డ్యూటీకి వెళ్తావు. పిల్ల బడి బస్సు ఏడున్నరకి. నేను వెయ్యకపోతే దువ్వెన పెట్టేది ఎవరు, మీ ఆయనా?"

"నేను ఇంట్లో ఉన్న రోజు కూడా నీ దగ్గరికే వస్తుంది దువ్వెన పట్టుకుని."

"అలవాటు."

"ఆ అలవాటే అంటున్నా. ఎనిమిదేళ్ళ అలవాటు."

"ఆ అలవాటు నేను చేశానా? రెండేళ్ళ పిల్లని నా చంకలో పెట్టి విమానం ఎక్కింది ఎవరు?"

"అను. మీరిద్దరూ ఇక్కడికొచ్చిన ఆరునెలల నుంచీ ఎప్పుడంటావా అని చూస్తున్నా."

"నేను అనలేదు. నువ్వు అనిపించావు. ఏయ్, ఏయ్, ఏంది లూసీ! ఆ కత్తెర... అయ్యో దేవుడా, కోసేశావే!"

"నా చీర. నా కూతురు."

"చెంగు కాడ నుంచి నిలువునా కోశావు! మీ అమ్మ ఎన్ని షాపులు తిరిగి తెచ్చిందో ఆ చీర."

"అయిపోయింది. నీ చీర పెట్టెలో పెట్టుకో. సూదిలో దారం ఎక్కించివ్వు."

"ఇటివ్వు, నేను కుడతా."

"నేనే కుడతా. రోజూ మనుషులకి కుట్లు వేసే ఆస్పత్రిలో పని చేస్తున్నా, చీరకి వెయ్యలేనా?"

"మమ్మీ! పెద్దమ్మా! మెయిల్ బాక్స్‌లో కాగితం ఉంది. మిసెస్ కార్ల్‌సన్ పెట్టి వెళ్ళింది. నా పార్ట్ మార్చేసింది!"

"అరవకు నళినీ. లోపలికి రా, తలుపెయ్, చలి. మార్చింది నాకు తెలుసు."

"నీకు ఎట్లా తెలుసు మమ్మీ?"

"నేనే ఫోన్ చేసి మార్పించా."

"ఎందుకు? నేను లైన్స్ అన్నీ బట్టీ పట్టేశా. పెద్దమ్మకి కూడా అప్పజెప్పా."

"అవును లూసీ, నాకు అప్పజెప్పింది. ఇంగ్లీషు నాకేం అర్థమవుతుంది, తాళం మాత్రం బాగుంది. మార్గరెట్టు అని ఏదో అంటుంది."

"ఆ మార్గరెట్ ఎవరో పెద్దమ్మకి చెప్పావా?"

"చెప్పలా మమ్మీ. అడగలేదుగా."

"ఇప్పుడు అడుగుతున్నానే. ఎవరా మార్గరెట్టు?"

"చక్రవర్తికి మేనత్త, పెద్దమ్మా. చక్రవర్తి పేరు చార్లెస్. వాళ్ళ నాన్న చచ్చిపోయాడు. వాళ్ళ అమ్మ వేరే దేశంలో ఉంది. అందుకని ఈ మార్గరెట్టే వాడినీ వాడి అక్కచెల్లెళ్ళనీ పెంచింది. ఆమెకి పిల్లల్లేరు. భర్త కూడా చచ్చిపోయాడు. దేశాన్ని కూడా ఆమే ఏలింది, వాడు పెద్దయ్యేదాకా."

"పెంచిందా? పిల్లల్లేని ఆవిడే?"

"ఆ."

"అబ్బో. అయితే గొప్ప మనిషే."

"చూశావా అక్కా, నీ మొహం ఎట్లా వెలిగిందో?"

"నా మొహం ఎక్కడ వెలిగింది? పిల్ల చెప్తుంటే విన్నాను."

"నళినీ, నిజం చెప్పు. పిల్లలందరి ముందూ పేర్లు పెట్టి, ఎవరికి కావాల్సింది వాళ్ళు ఏరుకోమంది మీ టీచరు. పదమూడు మంది రాజులు, రాణులు. అందులో నువ్వు ఆ మేనత్తనే ఎందుకు ఏరుకున్నావు?"

"చిలకుందని."

"ఏంటి?"

"మార్గరెట్‌కి ఒక పచ్చ చిలక ఉంది మమ్మీ. బొమ్మచిలక భుజం మీద పెట్టుకోవచ్చని మిసెస్ కార్ల్‌సన్ అంది. ఇంకెవ్వరికీ చిలక లేదు."

"నాతో ఆటలాడకు."

"నిజం మమ్మీ! కావాలంటే ఫోన్ చేసి అడుగు."

"చిలక కోసం ఎవరన్నా ఏరుకుంటారా?"

"పదేళ్ళ పిల్ల, లూసీ. చిలక కోసం ఏరుకోక దేనికోసం ఏరుకుంటుంది? ఇంకా ఎవరెవరు ఏం వేషాలు తల్లీ?"

"దైవాశీర్వాదం అంకుల్ వాళ్ళబ్బాయి సాక్సనీ రాజు. లూథర్‌ని తన కోటలో దాచిపెట్టాడే, ఆయన. గడ్డం పెట్టుకోవాలి, దురదగా ఉందని ఏడుస్తున్నాడు. బ్రయాన్ అని ఒకడున్నాడు, వాడు ఫ్రాన్స్ రాజు. జయంతి ఇంగ్లండ్ రాణి కేథరిన్. ఇప్పుడు నా పార్ట్ మారింది కదా, జయంతి నాకు చెల్లెలవుతుంది."

"అంటే వీళ్ళంతా చుట్టాలా?"

"అందరూ చుట్టాలే పెద్దమ్మా. మళ్ళీ అందరూ కొట్టుకుంటారు."

"మన పెదకాకాని వాళ్ళలాగా ఉన్నారే. పెళ్ళిళ్ళు వాళ్ళలో వాళ్ళే, పొలం గట్టు దగ్గర తలకాయలు పగలడమూ వాళ్ళలో వాళ్ళే."

"కేథరిన్‌కి ముందు ఆ ఇంగ్లండ్ రాజు వాళ్ళ అన్నతో పెళ్ళయింది. అన్న చచ్చిపోయాడు. అప్పుడు తమ్ముడు చేసుకున్నాడు."

"ఛీ ఛీ! వదినని? వదినంటే తల్లి తర్వాత తల్లి. రాజులకి సిగ్గుండదా?"

"అక్కా, నవ్వించకు, సూది గుచ్చుకుంటుంది. నళినీ, ఇటు రా, భుజం కొలత తీసుకోవాలి. నీ కొత్త పార్ట్ ఏంటో పెద్దమ్మకి నేను చెప్తా. చక్రవర్తికి తల్లి. రాజమాత."

"రాజమాతా?"

"ఆ. మేనత్త వేషం ఎందుకు, ఇంకా పెద్ద వేషం లేదా అని మిసెస్ కార్ల్‌సన్‌ని అడిగా. చక్రవర్తికి తల్లి లేదా అన్నా. ఉంది, ఆ పేరు ఇంకా ఎవరూ తీసుకోలేదు అంది. ఆర్ యూ ష్యూర్ అని రెండు సార్లు అడిగింది. యస్, ఐ యామ్ ష్యూర్ అన్నా. రాజమాత అంటే సింహాసనం పక్కనే కూర్చుంటుంది. చక్రవర్తి కూడా వచ్చి ముందు ఆమె కాళ్ళకే దణ్ణం పెట్టాలి. అవునా కాదా?"

"అవును మరి. మన దగ్గర అంతేగా. రాజు కన్నా రాజమాత పెద్ద."

"మమ్మీ, ఇందులో అట్లా లేదు."

"ఎందులో?"

"ఈ కాగితంలో."

"చదివావా?"

"బయట నిలబడే చదివేశా. ముందు అంగీ సంగతి చెప్పనా? తెల్లది పనికిరాదు. నల్లది కావాలి."

"నల్లదా?"

"మార్గరెట్‌కి తెలుపు. ఈమెకి నలుపు అని రాసింది ఇక్కడ. ఎప్పుడూ నల్లబట్టలే కట్టుకునేదట."

"లూసీ."

"ఏం మాట్లాడకక్కా."

"నేను ఏమీ అనలేదు."

"అనబోయావు."

"నల్ల దుప్పటి ఒకటి ఉంది, బేస్‌మెంట్‌లో, అదే అనబోయా. మమ్మీ చీర కోసేసిందా అని అడగకు నళినీ. నోరు మూసుకో."

"అయ్యో, కోసేశావా మమ్మీ? అది నీ ఫొటోలో చీర కదా? పెళ్ళి ఫొటోలో?"

"సర్లే. కోసేశా. అయిపోయింది. చదువు. తెలుగులో చెప్పు, పెద్దమ్మకి కూడా అర్థం కావాలి."

"నేను కాస్టీల్ రాణి హువానాని. చక్రవర్తి చార్లెస్‌కి తల్లిని."

"బాగుంది. గట్టిగా చెప్పు. ఆ మొదటి ముక్క తలెత్తి చెప్పాలి."

"నాకు ఆరుగురు పిల్లలు. మా నాన్న, మా అమ్మ స్పెయిన్‌ని ఏలారు. మా చెల్లెలు ఇంగ్లండ్‌కి రాణి."

"విన్నావా అక్కా? చిలకున్న మేనత్తకి ఇంత ఉందా?"

"లేదులే. నీ రాణే గొప్పది. చదవనియ్యి పిల్లని."

"నా కొడుక్కి ఆరేళ్ళు రాకముందే నేను వాడిని వదిలిపెట్టి ఓడ ఎక్కాను. నా రాజ్యం సముద్రం అవతల ఉంది. నేను మళ్ళీ తిరిగి రాలేదు. మమ్మీ, ఆపనా?"

"ఎందుకు ఆపడం? చదువు."

"నన్ను పిచ్చిదన్నారు. మా నాన్నే నన్ను ఒక ఊళ్ళో పెట్టి తలుపులు వేయించాడు. నా కొడుకు వాళ్ళ మేనత్త దగ్గర పెరిగాడు. వాడికి పదిహేడేళ్ళు వచ్చాక నన్ను చూడ్డానికి వచ్చాడు. అప్పటికి పన్నెండేళ్ళయింది. నేను వాడిని చూసి, నువ్వు నిజంగా నా కొడుకువేనా, ఇంత పెద్దవాడివి ఎప్పుడయ్యావు అన్నాను."

"చాలు."

"ఇంకా రెండు లైన్లు ఉన్నాయి."

"చాలన్నానా?"

"పిల్ల మీద అరవకు లూసీ."

"పిల్ల మీద అరవడానికి కూడా నీ పర్మిషన్ కావాలా?"

"మమ్మీ, నాకు ఈ పార్ట్ ఇష్టమే. పిచ్చిదానిలాగా నడవచ్చు. చిలక కన్నా బాగుంది."

"నళినీ, బేస్‌మెంట్‌లోకి వెళ్ళి ఆ నల్ల దుప్పటి తీసుకురా."

"ఎక్కడుంది?"

"వెతుకు. డ్రైయర్ వెనకాల, అట్టపెట్టెల్లో. నెమ్మదిగా వెతుకు."

"నన్ను పంపించి మీరిద్దరూ పోట్లాడుకుంటారు. నాకు తెలుసు."

"వెళ్ళు తల్లీ. పోట్లాడుకోములే. నేనున్నాగా."

"నేనున్నాగా! విన్నావా, నీ నోటితో నువ్వే ఏమన్నావో? తల్లిని నేను ఇక్కడ నిలబడి ఉండగా, నీకు భయం లేదు, నేనున్నాగా అంటున్నావు."

"మాట వరసకి అన్నా."

"మెట్లు దిగిందా?"

"దిగింది."

"నవ్వుకో ఇప్పుడు."

"నేనెందుకు నవ్వుతాను లూసీ?"

"రాజమాత వేషం కావాలన్నానే. రెండు సార్లు అడిగింది ఆ తెల్లావిడ. ఆర్ యూ ష్యూర్ అంటే నాకు బుర్ర ఉండొద్దూ? ఆమె ఎవరు, ఏం చేసింది అని ఒక్క మాట అడగొద్దూ? రేపు మూడొందల మంది ముందు నా కూతురు నిలబడి, కన్నకొడుకుని వదిలేసి ఓడ ఎక్కాను అంటుంది. వెనకాల దుప్పటి చెరగు పట్టుకుని నేను."

"అమెరికా వాళ్ళకి ఏం తెలుసు మన సంగతి?"

"మనవాళ్ళకి తెలుసుగా! జయంతి వాళ్ళ అమ్మకి తెలుసు. దైవాశీర్వాదం గారి భార్యకి తెలుసు. నేను ఎయిర్‌పోర్టులో ఏమన్నానో నీకు తెలుసు."

"ఏమన్నావు? నాకు జ్ఞాపకం లేదు."

"జ్ఞాపకం ఉంది నీకు. అబద్ధం చెప్పడం నీకు రాదు. నువ్వు దాని చెయ్యి పట్టుకుని తలుపులోంచి వస్తున్నావు. నేను రెండు గంటల ముందు నుంచీ నిలబడి ఉన్నా. ఫొటోల్లో చూస్తూనే ఉన్నా, అయినా గుర్తుపట్టలేదు. ముందు నిన్ను గుర్తుపట్టా. నీ పక్కన ఉంది కాబట్టి అదే నా కూతురనుకున్నా. అప్పుడు అన్నా, ఇంత పెద్దదానివయ్యావా అని. ఆ పిచ్చి రాణి అన్నట్టే."

"పిల్లలు పెరిగితే ఎవరైనా అంటారు ఆ మాట."

"అది ఏం చేసింది? నీ చెంగు వెనకాలకి పోయింది."

"కొత్త చోటు. చలి. పిల్ల రెండు రోజులు నిద్ర లేదు విమానాల్లో."

"అక్కడ నిన్ను అమ్మా అని పిలిచేదా?"

"ఇప్పుడెందుకు అది?"

"చెప్పు."

"పిలిచేది. పిల్లలన్నాక ఎవరో ఒకరిని పిలవాలిగా. విమానంలో నేనే చెప్పా, దిగాక నేను పెద్దమ్మని, అమ్మ వేరే ఉంది అని. దానికి తెలుసు. ఏడవలేదు. సరే పెద్దమ్మా అంది, అప్పుడే, ఇడ్లీ పెట్టనా అంటే సరే అన్నట్టు."

"నువ్వు ఏడ్చావా?"

"నాకెందుకు ఏడుపు?"

"అక్కా, నేను ఇక్కడ ఊరికే కూర్చోలేదు. నర్సు పరీక్ష ఇక్కడ మళ్ళీ రాయాల్సి వచ్చింది. రెండు సార్లు తప్పా. ముసలివాళ్ళ ఆస్పత్రిలో పక్కలు మార్చా. ఒక ముసలావిడ ఉండేది, నన్ను రోజూ తన కూతురనుకుని పేరు పెట్టి పిలిచేది. నేను పలికేదాన్ని. అమ్మా అని కూడా అనేదాన్ని ఆవిడని. ఇంటికొచ్చి టేప్‌రికార్డర్‌లో నళిని గొంతు వినేదాన్ని. నువ్వు పంపిన క్యాసెట్లు. అందులో అది పద్యం చెప్తుంది, కీర్తన పాడుతుంది, అన్నీ బాగానే ఉంటాయి. మధ్యలో నీ గొంతు వినపడేది. 'ఊఁ, ఇంకా గట్టిగా, మీ అమ్మకి వినపడాలి' అని. నీ గొంతు వచ్చిన చోటల్లా నాకు ఒళ్ళు మండేది. పాపం, నువ్వు నా కోసమే చెప్పిస్తున్నావు. అయినా మండేది."

"నాకు తెలియదు ఆ సంగతి."

"ఇంకోటి కూడా తెలియదు నీకు. చెప్తే నన్ను చీదరించుకుంటావు."

"చెప్పు."

"నీ వీసా ఆరునెలలకే ఇచ్చారు. ఇంకో ఆరునెలలు ఉండనివ్వమని ఫారం నింపాలి. మీ మరిది నింపి, నీ చేత వేలిముద్ర వేయించి, కవర్‌లో పెట్టి నాకిచ్చాడు, డ్యూటీకి వెళ్తూ పోస్ట్ చెయ్యమని. మూడు వారాలయింది. నేను పోస్ట్ చెయ్యలేదు. నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. వచ్చేవారంతో గడువు అయిపోతుంది. నువ్వు వెళ్ళిపోవాల్సి వస్తుంది. అదే కావాలనుకున్నా నేను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"కవరు నీ బ్యాగులో ఉందని. మొన్న మంగళవారం నళిని బడికి చిల్లర కావాలంటే నీ బ్యాగు తెరిచా. దాని మీద నా పసుపు వేలి మరకుంది. చదువు రాకపోయినా నా వేలు నేను గుర్తుపడతాగా."

"తెలిసి కూడా... నాలుగు రోజుల నుంచీ నాకు కాఫీ కలిపి ఇస్తున్నావా?"

"కాఫీకీ దీనికీ ఏంది సంబంధం?"

"ఒక్క తిట్టు తిట్టొచ్చుగా! ఏమే లూసీ, ఎనిమిదేళ్ళు నీ పిల్లని సాకితే ఇదా నువ్వు చేసేది అని, ఒక్క మాట! బావగారు చనిపోయిన నెలలో కూడా దానికి పరీక్షలని కూర్చుని చదివించావు. నీకు అక్షరం రాదు, దాని పక్కన లాంతరు పెట్టుకుని కూర్చున్నావని నళినే చెప్పింది నాకు. నువ్వు తిడితే నాకు కాస్త సుఖంగా ఉండేది."

"తిట్టాలంటే ముందు నేను మంచిదాన్నయి ఉండాలి."

"ఇంక నీకన్నా మంచిదెవరు? అదేగా నా బాధ. నీలో తప్పు పట్టడానికి ఏదీ దొరకదు. సరే. విను. ఇవాళ శనివారం, పోస్టాఫీసు పన్నెండు దాకా ఉంటుంది. ఇప్పుడే కార్‌లో వెళ్ళి రిజిస్టర్ చేసి వస్తా. ఆలస్యమైనా ఉత్తరం రాసిస్తే ఒప్పుకుంటారట, మీ మరిది అన్నాడు. రేపు చెరగు నువ్వే పట్టుకో. మిసెస్ కార్ల్‌సన్‌కి ఫోన్ చేస్తా. మేనత్త వేషమే మళ్ళీ ఇవ్వమంటా. చిలక కూడా. నీ చీర తీసుకురా, దాన్నే కోద్దాం."

"వద్దు."

"ఏం వద్దు? చీరా?"

"పోస్టాఫీసు వద్దు."

"కోపంతో అంటున్నావు."

"కోపం లేదు లూసీ. కూర్చో. తాళాలు కింద పెట్టు. నేను పోయిన ఆదివారమే మీ ఆయనకి చెప్పా, టికెట్ తీయమని. తీశాడు. బుధవారానికి."

"బుధవారమా? వచ్చే బుధవారమా? నాకు చెప్పలేదే ఆయన!"

"నేనే వద్దన్నా. పండగ అయ్యాక చెప్దామన్నా."

"కవరు చూసి, నేను గెంటేస్తున్నానని..."

"కవరు చూసింది మంగళవారం. టికెట్‌కి చెప్పింది అంతకు ముందు. నీ కవరుకీ దీనికీ సంబంధం లేదు."

"మరి దేనికి? నళినిని వదిలి నువ్వు ఉండగలవా?"

"ఉండలేను."

"ఉండలేనిదానివి ఎందుకు పోతున్నావు? అక్కా, నా మొహం చూసి చెప్పు. గుంటూరులో నీకెవరున్నారు?"

"ఎవరూ లేరు. అట్లా ఎవరూ లేని చోటే నాకు బాగుంటుంది. ఇక్కడ ఉంటే నేను పాడైపోతున్నా. నీకు మూడు వారాల నుంచేగా కడుపు మంట. నాకు రెండు నెలల నుంచీ ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి చెప్పుకుంటున్నా, పోవడంలా."

"నీకా? నా మీదా? నాలో ఏముందని?"

"సెప్టెంబరు నెలలో దానికి జ్వరం వచ్చిన రోజు నీకు చెప్పలేదు నేను. నువ్వు పగలు డ్యూటీలో ఉన్నావు. బడి నుంచి పదింటికే పంపించేశారు. ఒళ్ళు కాలిపోయింది."

"జ్వరం వచ్చిందా? నర్సుని ఇంట్లో పెట్టుకుని నాకు చెప్పకపోవడమేంటి? మందేం ఇచ్చావు?"

"తడిగుడ్డ వేశా. నువ్వు వచ్చేసరికి దిగింది. నీకు చెప్పొద్దని దానికీ చెప్పా. మందు సంగతికి కాదు చెప్పనిది."

"మరి?"

"చెప్తే నీకు ఇచ్చేసినట్టేగా. రెండు నెలలు దాచుకున్నా, ఇవ్వబుద్ధి కాక."

"ఏం ఇవ్వబుద్ధి కాక? అక్కా, ఏం దాచావు? ఏడవకు. ఏం జరిగింది ఆ రోజు?"

"మధ్యాహ్నమంతా మంచం మీద దాని పక్కనే ఉన్నా. కళ్ళు తెరవలేదు. ఎనిమిదేళ్ళు నా పక్కలో పడుకున్న పిల్ల, ఒళ్ళు తెలియకుండా నా చెయ్యి గట్టిగా పట్టుకుని పిలిచింది. 'మమ్మీ' అని పిలిచింది, లూసీ. గుంటూరులో ఉన్నప్పుడు నన్ను అమ్మా అనేది, ఆ మాటే ఎరగదు."

రాసింది కంచర్ల రూతమ్మ, వయసు డెబ్బై మూడు. ఇప్పుడు ఉండేది అమెరికాలోనే, చాండ్లర్‌లో.